చీమ తప్పిన చోటే మోడల్ కూడా తప్పాలి

ట్యునీషియాలోని ఉప్పు మైదానాల్లో కాటాగ్లిఫిస్ ఫోర్టిస్ అనే చీమ ఒకటి ఉంటుంది. మిగతా పురుగులు ఎండదెబ్బకు చచ్చి పడే వేళకు ఇది గూట్లోంచి బయటికొస్తుంది, ఎందుకంటే దాని తిండి ఆ చచ్చిన పురుగులే. కాలిపోయే నేల మీద వాసన గీత నిలవదు కాబట్టి మామూలు చీమల్లా బారు కట్టి, గీత పట్టుకుని వెనక్కి రావడం దీనికి కుదరదు. చుట్టూ చూస్తే చెట్టూ చేమా ఏమీ ఉండదు. ఒంటరిగా బయల్దేరి, అటు కాస్త ఇటు కాస్త వంకర్లు తిరుగుతూ వెతికి, తిండి దొరకగానే వచ్చిన వంకర్లన్నీ వదిలేసి గూటివైపు తిన్నగా పరుగు తీస్తుంది. జంతుశాస్త్రవేత్త ర్యూడిగర్ వేనర్ బృందం నమోదు చేసిన ఒక ప్రయాణంలో చీమ దాదాపు 600 మీటర్లు తిరిగి, వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం సుమారు 140 మీటర్లలో గూటికి చేరుకుంది. ఆ గూటి నోరు నేలలో ఓ చిన్న రంధ్రం, అంతే.

ఈ పని చేసే మెదడు చాలా చిన్నది. మనిషి మెదడులో న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, దాదాపు 8,600 కోట్లయితే తేనెటీగలో సుమారు 10 లక్షలు, పండ్ల ఈగలో లక్షా 40 వేల దాకా ఉంటాయి. ఇంత తక్కువ సరుకుతో అంత పని ఎలా జరుగుతోందన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా చోట్ల పీహెచ్‌డీలు జరుగుతున్నాయి. ఎడిన్‌బరో, ససెక్స్, లండ్, వుర్జ్‌బర్గ్, తులూజ్, కాన్‌బెర్రా లాంటి చోట్ల ఈ పని ఏళ్లుగా నడుస్తోంది. వీటిలో చాలావాటికి సగం పని జీవశాస్త్రం, సగం పని కంప్యూటర్ కోడ్. పురుగు మెదడులోని సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టి, దాన్ని ఒక బొమ్మ చీమకు తగిలించి, అది ఇల్లు చేరుతుందో లేదో చూస్తారు.

బయటినుంచి చూసేవాళ్లకు అసలు కష్టం ఆ ఇల్లు చేర్చడంలోనే ఉందనిపిస్తుంది. నిజానికి అది ఈ పనిలో అన్నిటికంటే తేలికైన భాగం. ఎటు తిరిగిందో, ఎంత దూరం నడిచిందో తెలిస్తే గూడు ఎటుందో లెక్కగట్టడం హైస్కూల్ త్రికోణమితి, నాలుగు లైన్ల కోడ్‌లో అయిపోతుంది. కానీ ఆ నాలుగు లైన్లు చీమ గురించి ఏమీ చెప్పవు. చీమ ఎక్కడ తప్పు చేస్తుందో, ఎంత తప్పు చేస్తుందో, ఎటువైపు తప్పు చేస్తుందో అదే తప్పును మోడల్ కూడా దానంతటది చేస్తేనే, లోపల జరిగేది కొంతైనా చేతికి చిక్కినట్టు. ఈ రంగంలో మంచి థీసిస్‌ని మామూలు థీసిస్‌ని విడదీసేది ఈ ఒక్క పట్టింపే.

ముందు దిశ సంగతి. 1911లో ఫెలిక్స్ సాంట్షి అనే స్విస్ డాక్టరు, ట్యునీషియాలో కైరవాన్ ఊళ్లో వైద్యం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు చీమలతో ప్రయోగాలు చేసేవాడు. ఇంటికి పోతున్న చీమకు సూర్యుడు కనపడకుండా ఓ పలక అడ్డం పెట్టి, అటు పక్కనుంచి అద్దంతో సూర్యుణ్ణి చూపించాడు. చీమ వెనక్కి తిరిగి ఎదురు దిశలో నడవడం మొదలుపెట్టింది. అద్దం తీసేస్తే మళ్లీ సరైన దారి పట్టింది. ప్రయోగం ఇంత చిన్నదే, ఖర్చు ఒక అద్దమే, కానీ చీమకు సూర్యుడే దిక్సూచి అని దాంతో తేలిపోయింది. తర్వాత 1940ల్లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగల మీద పనిచేస్తూ, సూర్యుడు మబ్బు చాటుకెళ్లినా కాస్త నీలాకాశం కనిపిస్తే చాలు, కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయన్నదాన్ని బట్టి అవి దిశ పసిగడతాయని చూపించాడు. మన కంటికి ఆకాశం అంతా ఒకటే నీలం, పురుగు కంటికి అందులో ఒక అల్లిక కనపడుతుంది, ఆ అల్లిక సూర్యుడి చుట్టూ అమరి ఉంటుంది. కంటి పైఅంచులో ఉండే కాంతిని పసిగట్టే కొన్ని ప్రత్యేకమైన కణాల పనే ఇది. సూర్యుడు గంటగంటకూ జరిగిపోతాడు కాబట్టి ఒంట్లోని గడియారంతో ఆ తేడాను సరిచేసుకోవడం కూడా వాటికి వచ్చు.

దూరం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2006లో విట్లింగర్, వేనర్, వోల్ఫ్ కలిసి చేసిన ప్రయోగంలో చీమల్ని గూటినుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న తిండి దగ్గరికి ఒక కాలువలాంటి దారిలో నడిపించారు. తిండి దగ్గర పట్టుకుని కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు, కొన్నిటి కాళ్లు కొనల దగ్గర కత్తిరించి పొట్టి చేశారు. పొడుగు కాళ్ల చీమలు గూడు దాటిపోయి సుమారు 15 మీటర్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్ల లోపే ఆగిపోయి అక్కడే గూడు ఉండాలన్నట్టు తిరిగాయి. అవే కాళ్లతో గూటినుంచి మళ్లీ బయల్దేరినప్పుడు మాత్రం లెక్క సరిపోయింది, ఎందుకంటే ఈసారి వెళ్లిన అడుగు, వచ్చిన అడుగు ఒకటే కొలత. అంటే చీమ దూరాన్ని అడుగులతో కొలుస్తోంది. ఇది తెలిసిందే చీమ తప్పటం వల్ల. అది ప్రతిసారీ సరిగ్గా గూటికి చేరుకుని ఉంటే అడుగులు లెక్కపెడుతోందా, వేసిన కష్టాన్ని లెక్కపెడుతోందా, పట్టిన టైమ్‌ని లెక్కపెడుతోందా అన్నది ఎప్పటికీ తేలేది కాదు.

తేనెటీగ అడుగులు వేయదు కాబట్టి దానికి వేరే పద్ధతి. ఎగిరేటప్పుడు కింద, పక్కల దృశ్యం కళ్ల ముందు ఎంత జరిగిపోయిందో దాన్ని బట్టి దూరం అంచనా వేసుకుంటుంది. మాండయం శ్రీనివాసన్ బృందం గళ్ల గోడలున్న ఇరుకైన సొరంగంలో తేనెటీగల్ని కొన్ని మీటర్లు ఎగరనిచ్చినప్పుడు, అవి గూటికెళ్లి, తిండి ఎంత దూరంలో ఉందో తోటి తేనెటీగలకు చెప్పే నాట్యంలో వంద మీటర్లకు పైగా ఎగిరొచ్చినట్టు చెప్పాయి. గోడలు దగ్గరగా ఉంటే దృశ్యం వేగంగా జరిగిపోతుంది, తేనెటీగ దాన్ని దూరం అనుకుంటుంది.

ఇలా దిశనూ దూరాన్నీ అడుగడుగునా కూడుకుంటూ, గూడు ఎటు ఎంత దూరంలో ఉందో ఎప్పటికప్పుడు గుర్తుంచుకోవడాన్ని పాత్ ఇంటిగ్రేషన్ అంటారు. తిండి దగ్గర చీమను పట్టి డబ్బాలో పెట్టి దూరంగా వేరే చోట వదిలితే, ఎవరూ కదపనట్టే పాత లెక్క ప్రకారం అదే దిశలో అంతే దూరం పరుగెత్తి, అక్కడ గూడు లేకపోయేసరికి చుట్టూ వలయాలుగా వెతకడం మొదలుపెడుతుంది. వలయాలు మెల్లగా పెద్దవవుతాయి, మళ్లీ మళ్లీ మధ్యకు తిరిగొస్తాయి.

ఇక్కడ 1988 నాటి ఒక ప్రయోగం దగ్గర కాస్త ఆగాలి, మోడల్ అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పేది లేదు. మార్టిన్ ముల్లర్, వేనర్ కలిసి చీమల్ని వంపు తిరిగిన కాలువల్లో నడిపించారు. ముందు కొంత దూరం నేరుగా, ఆ తర్వాత ఒక కోణంలో మలుపు తిరిగి ఇంకొంత దూరం. ఆపైన చీమను తీసి బయలు మైదానంలో వదిలి గూటికి ఏ దిశ ఎంచుకుంటుందో కొలిచారు. అన్నీ ఒకేవైపు తప్పాయి. గూటికి సూటిగా పోవాల్సిన గీత కాకుండా, తాము నడిచి వచ్చిన మొదటి దారికి అడ్డం పడే గీత పట్టాయి. తప్పు ఎంతన్నది మలుపు కోణాన్ని బట్టి మారింది. అందుకని చీమ అసలు త్రికోణమితి చేయడం లేదని, కోణాల సగటులాంటి ఒక ఉరామరి లెక్కతో సరిపెట్టుకుంటోందని వాళ్లు ఒక సూత్రం ప్రతిపాదించారు. ఆ సూత్రం చీమ తప్పుల్ని చక్కగా రాబట్టింది.

కానీ అక్కడితో కథ తేలలేదు. అదే తప్పు వేరే కారణంతోనూ వస్తుంది. లెక్క అంతా కచ్చితంగానే జరుగుతూ, జ్ఞాపకం మాత్రం కొద్దికొద్దిగా కారిపోతోందనుకుందాం. అప్పుడు ముందు నడిచిన భాగం ఎక్కువ మరుపున పడుతుంది, ఇప్పుడిప్పుడే నడిచింది బలంగా ఉంటుంది, దాంతో గూటి దిశ చివరి భాగంవైపు లాగబడి సరిగ్గా ఆ వంకరే వస్తుంది. ఇంకొందరు ఇదసలు తప్పే కాదన్నారు. తెలిసిన దారికి అడ్డంగా పోతే తెలిసిన ప్రదేశం తగులుతుంది కాబట్టి అలా వంగడమే చీమకు లాభమని వాళ్ల వాదన. ఒక్క గ్రాఫ్, మూడు వివరణలు. ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే విద్యార్థి ఎదుర్కొనేది ఇదే పరిస్థితి. తన మోడల్ గ్రాఫ్‌కి సరిపోయిందని సంబరపడే లోపే, పక్కవాళ్ల మోడల్ కూడా అంతే బాగా సరిపోయిందని తెలుస్తుంది. అప్పుడు చేయాల్సింది గ్రాఫ్‌కి ఇంకా దగ్గరగా తేవడం కాదు, రెండు మోడళ్లూ వేరువేరు జవాబులిచ్చే ప్రయోగం ఏదో వెతకడం.

ప్రవర్తన ఒక్కదాన్నే చూస్తూ ఇలాంటి తగాదాలు తేల్చడం కష్టం. మెదడు లోపలికి చూడగలిగిన తర్వాత పరిస్థితి మారింది. పురుగు మెదడు నడిమధ్యలో సెంట్రల్ కాంప్లెక్స్ అనే భాగం ఉంది. 2007లో స్టాన్లీ హైంజ్, ఉవే హోంబెర్గ్ మిడతలో అక్కడ ధ్రువణ దిశలు గడులు గడులుగా, వరసగా అమరి ఉన్నాయని చూపించారు. 2015లో అమెరికాలోని జెనీలియా పరిశోధన కేంద్రంలో యోహనెస్ సీలిగ్, వివేక్ జయరామన్ పండ్ల ఈగను ఒక చిన్న బంతి మీద నడిపిస్తూ దాని మెదడును మైక్రోస్కోప్‌లో చూశారు. సెంట్రల్ కాంప్లెక్స్‌లో ఉంగరంలా ఉండే ఒక నిర్మాణంలో ఒక్కచోట మాత్రం న్యూరాన్లు చురుగ్గా ఉన్నాయి. ఈగ తిరిగిన కొద్దీ ఆ చురుకుదనం ఉంగరం చుట్టూ తిరిగింది, దిక్సూచి ముల్లులాగే. లైట్లు ఆర్పేసినా ఆగలేదు, తన అడుగుల్ని బట్టి కొంతసేపు తిరుగుతూనే ఉంది.

ఇందులో మోడళ్లు చేసేవాళ్లకు నిజంగా సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. ఎలుకల మెదడులో తల దిశను చెప్పే కణాల కోసం 1990ల్లోనే సిద్ధాంతకర్తలు ఒక నమూనా ప్రతిపాదించారు. న్యూరాన్లను ఉంగరంగా ఊహించుకుని, పక్కపక్కవి ఒకదాన్నొకటి ఎగదోస్తూ, దూరంవి ఒకదాన్నొకటి అణచేస్తూ ఉంటే, ఉంగరంలో ఎప్పుడూ ఒక్క చోటే చురుకుదనం నిలుస్తుందని లెక్కలు చెప్పాయి. దీన్నే రింగ్ అట్రాక్టర్ అంటారు. ఎలుకలో ఆ ఉంగరం కాగితం మీది ఊహ, న్యూరాన్లు నిజంగా గుండ్రంగా అమరి ఉండవు. ఈగలో మాత్రం అది అచ్చం ఉంగరంలాగే కనపడింది. 2017లో జయరామన్ ల్యాబ్ ఇంకో అడుగు ముందుకేసి, కాంతితో ఉంగరంలో వేరే చోట చురుకుదనం పుట్టించింది. కొత్తది నిలబడగానే పాతది చచ్చిపోయింది. రెండు చోట్ల ఒకేసారి నిలవదన్న మోడల్ మాట అక్షరాలా నిజమైంది.

దిక్సూచి దొరికింది, మరి దూరం ఎక్కడ కలుస్తుంది, జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది? 2017లోనే థామస్ స్టోన్, బార్బరా వెబ్, హైంజ్ తదితరులు రాత్రిపూట తిరిగే ఒక ఉష్ణమండల తేనెటీగ మెదడు మీద చేసిన పని ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు. వాళ్లు ముందు న్యూరాన్లను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఏది ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో గీసుకున్నారు. సెంట్రల్ కాంప్లెక్స్‌లోనే నాడ్యులై అనే చిన్న గడ్డల్లో, దృశ్యం జరిగే వేగాన్ని చెప్పే న్యూరాన్లు దొరికాయి. విశేషమేమిటంటే అవి తిన్నగా ముందుకు పోయే కదలికకు కాక, ఎడమకు 45 డిగ్రీలు, కుడికి 45 డిగ్రీలు వాలిన కదలికలకు ఎక్కువగా స్పందిస్తాయి. చూడగానే ఇదేం ఏర్పాటు అనిపిస్తుంది. కానీ గాలి పక్కకు నెట్టినప్పుడు తేనెటీగ తల ఒకవైపు ఉంటే ఒళ్లు ఇంకోవైపు కొట్టుకుపోతుంది కదా, ఆ రెండు వాలు దిశల్లో కదలికను విడివిడిగా కొలిస్తే నిజంగా ఎటు పోయిందో తేల్చడం సులువవుతుంది.

ఆ మోడల్‌లో త్రికోణమితి ఎక్కడా లేదు. 8 గడులున్నాయి, ఒక్కో గడి ఒక్కో దిశకు. పురుగు ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఈ గడుల్లో చురుకుదనం ఒక అలలా ఉంటుంది, శిఖరం ఒకచోట, లోయ దానికి ఎదురుగా. ఎంత వేగంగా కదిలితే ఆ అలను అంత పెద్దది చేసి జ్ఞాపకంలో కలిపేస్తుంది. వెళ్లిన ప్రతి అడుగుకూ ఒక అల, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి చివరికి మళ్లీ ఒకే అల మిగులుతుంది. దాని శిఖరం ఎక్కడుందో చూస్తే గూటి దిశ తెలుస్తుంది, అల ఎంత ఎత్తుందో చూస్తే గూటి దూరం తెలుస్తుంది. ఇక ఇంటికి పోవాల్సినప్పుడు ఆ జ్ఞాపకపు అలను ఒక గడి ఎడమకు జరిపి ఒకసారి, ఒక గడి కుడికి జరిపి ఒకసారి, ఇప్పుడు చూస్తున్న దిశతో పోల్చుకుంటుంది. ఎటు జరిపితే ఎక్కువ కలుస్తుందో అటు తిరుగుతుంది. ఒక గడి జరపడం అన్నది మోడల్ కోసం చేసిన కల్పన కాదు, ఆ న్యూరాన్లు మెదడులో నిజంగానే ఒక గడి పక్కకు జరిగి అతుక్కుని ఉంటాయి. ఎందుకలా ఉన్నాయో అప్పటిదాకా ఎవరికీ సరిగా అర్థం కాలేదు. తీగలు ఎలా ఉన్నాయో అలాగే వాడుకుంటే పురుగు ఇల్లు చేరుతోంది అన్నప్పుడు ఆ అమరికకు ఒక అర్థం వచ్చింది. 2022లో ఈగల మీద రెండు వేరువేరు ల్యాబులు చేసిన పనిలో, వాలు దిశల కదలికల్ని అలలుగా కలిపి ప్రయాణ దిశను తేల్చే సర్క్యూట్ నిజంగానే కనపడింది.

ఇప్పుడు మళ్లీ ఆ కారిపోయే జ్ఞాపకం దగ్గరికి వద్దాం. ఎడారి చీమల్ని తిండి దగ్గర పట్టుకుని కొన్ని రోజులు ఆపి వదిలితే, దూరం లెక్క చెదిరిపోతుంది గానీ దిశ చాలా కాలం నిలుస్తుందని 1990ల్లోనే తెలుసు. దిశనూ దూరాన్నీ రెండు వేరు అంకెలుగా దాచుకుంటోందేమో, ఒకటి గట్టిది ఒకటి మెత్తనిది అయ్యుంటుందేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. 8 గడుల మోడల్ దీనికి చెప్పే కారణం వేరు. 8 చిల్లు కుండల్లో నీళ్లు వేరువేరు ఎత్తుల్లో ఉన్నాయనుకోండి, అన్నిటిలోనూ ఒకే వంతున నీళ్లు తగ్గుతూ పోతే దేంట్లో ఎక్కువున్నాయో అన్నది మారదు, మొత్తం ఎత్తు మాత్రం పడిపోతుంది. అంటే దిశ మిగిలి దూరం పోతుంది, రెండు రకాల జ్ఞాపకాలు అక్కర్లేకుండానే. 2022లో కొందరు పరిశోధకులు, ఇంటికి బయల్దేరబోయే చీమల్ని పట్టి, చలితో మెదడు పని ఆగిపోయేదాకా చల్లబరిచి, తేరుకున్నాక వదిలి చూశారు. అవి సరైన దిశలోనే పోయాయి, దూరం మాత్రం మరిచిపోయాయి. దీంతో ఇంకో సంగతి కూడా బయటపడింది. జ్ఞాపకం కేవలం న్యూరాన్ల నడుస్తున్న చురుకుదనంలోనే ఉండి ఉంటే, మెదడు ఆగిపోయినప్పుడు దిశ కూడా పోవాలి. పోలేదు, కాబట్టి అది చురుకుదనం కంటే గట్టిదాంట్లో, బహుశా న్యూరాన్ల మధ్య అతుకుల్లోనో కణం లోపలి రసాయనాల్లోనో దాగి ఉండాలి.

ఒక మోడల్ నుంచి ఇంతకంటే ఏం కోరుకుంటాం? చీమ ఇల్లు చేరినందుకు కాదు, చల్లబడి తేరుకున్న చీమ ఎలా తప్పిందో దానికి ఒక కారణం ఇచ్చినందుకు ఆ మోడల్‌కి విలువ.

ఇదంతా ఆకాశం, అడుగుల లెక్క. చెట్లూ గడ్డీ ఉన్న చోట బతికే చీమలు దృశ్యాల్ని కూడా గుర్తుపెట్టుకుంటాయి, దానికి మెదడులో వేరే భాగం ఉంది, మష్రూమ్ బాడీ. అందులో కెన్యన్ కణాలు వేలల్లో ఉంటాయి, ఒక్కో దృశ్యానికి వాటిలో కొన్నే వెలుగుతాయి. 2016లో బార్బరా వెబ్ ల్యాబ్ కట్టిన మోడల్‌లో చీమ చూసే లోకాన్ని 360 చుక్కలకు కుదించి, దాన్ని 20 వేల కెన్యన్ కణాల మీదికి పంపి, చివర ఒకే ఒక్క న్యూరాన్‌ను పెట్టారు. ఇది చూసిందా చూడనిదా అని చెప్పడం ఆ న్యూరాన్ పని. అంతే, మ్యాపు లేదు, ఫలానా చెట్టు దగ్గర కుడికి తిరుగు అన్న సూచన లేదు. ఎటు చూస్తే ఎక్కువ పరిచయంగా ఉందో అటు నడవడమే. స్పెయిన్‌లో చీమలు తిరిగే గడ్డి దుబ్బుల నేలను కంప్యూటర్‌లో కట్టి అందులో నడిపిస్తే ఈ బొమ్మ చీమ దారి పట్టుకుంది. దృశ్యం ఎంత మసగ్గా ఉంటే పని అంత చెడుతుందని అనుకుంటాం, కానీ పురుగు కంటి మసక ఇక్కడ కలిసొస్తుంది. గడ్డి పోచల వివరాలు గాలికి మారిపోతాయి, ఆకాశానికి నేలకు మధ్య ఉండే ముదురు గీత మారదు. 2020లో రెండు బృందాలు రెండు జాతుల చీమల్లో మష్రూమ్ బాడీని దెబ్బతీసి చూస్తే, నేర్చుకున్న దృశ్యాల్ని బట్టి దారి పట్టుకోవడం నిజంగానే చెడిపోయింది.

అయితే ఈ మోడల్‌ని ఇరుకున పెట్టిన చీమలు కూడా ఉన్నాయి. మోయలేనంత పెద్ద తిండి ముక్క దొరికితే చీమ దాన్ని నోట కరుచుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోతుంది. అప్పుడు దానికి కనపడే దృశ్యం నేర్చుకున్నదానికి పూర్తిగా ఎదురుది, పరిచయం ఎంత ఉందని చూసే మోడల్ అక్కడ చతికిలపడాలి. 2017లో వచ్చిన పరిశోధనలో చీమలేం చేశాయంటే, మధ్యమధ్యలో ముక్కను కింద పెట్టి, ముందుకు తిరిగి ఒకసారి చూసుకుని, మళ్లీ ముక్క పట్టుకుని వెనక్కి నడుస్తూనే సరిచేసుకున్న దిశలో పోయాయి. ఒక్క చూపులో దృశ్యం చెప్పిన దిశను ఆకాశపు దిక్సూచిలోకి మార్చుకుని, ఒళ్లు ఎటు తిరిగి ఉన్నా దాన్ని వాడుకున్నాయన్నమాట. కాబట్టి మష్రూమ్ బాడీ ఒక మూల, సెంట్రల్ కాంప్లెక్స్ ఒక మూల పనిచేస్తాయన్న బొమ్మ చాలదు, ఒకదాని మాట ఇంకోదానికి చేరే దారి ఉండాలి. ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో చాలావరకు ఆ దారి ఎలా ఉంటుందన్న దాని మీదే.

రోజువారీ పనిలో ఈ పీహెచ్‌డీ ఎలా ఉంటుందంటే, మొదటి ఏడాది ఎక్కువగా పాత మోడళ్లను మళ్లీ కట్టడంతో గడుస్తుంది. పేపర్‌లో ఉన్నట్టే కట్టినా గ్రాఫ్ అలా రాదు, ఎక్కడో ఒక అంకె రాయకుండా వదిలేసి ఉంటారు, దాన్ని వెతికి పట్టుకోవడంలోనే మోడల్ నిజంగా ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. ఫీల్డ్ పని ఉన్నవాళ్లకు చీమలు బయటికొచ్చే వేసవి నెలలే గతి, ఆ నెలలు పోతే మళ్లీ ఏడాది ఆగాలి. చీమ వెనకాల నడుస్తూ అది పోయే దారిని జీపీఎస్‌లోనో గళ్ల నేల మీదో గుర్తించాలి, కానీ మన నీడ దాని మీద పడకూడదు, మన ఆకారం దానికి కొండగుర్తు కాకూడదు. ఇక అన్నిటికంటే పెద్ద టెన్షన్ పారామీటర్లది. మోడల్‌లో ఇష్టం వచ్చినట్టు తిప్పగలిగే మీటలు ఎక్కువైతే దేనికైనా సరిపోయేలా చేయొచ్చు, అలా సరిపోయిందానికి అర్థమేమీ ఉండదు. అందుకే ఒక డేటాతో మీటలు బిగించేసి, మోడల్ ఎప్పుడూ చూడని వేరే ప్రయోగం మీద పరీక్షించడం అలవాటు చేసుకోవాలి. అక్కడ మోడల్ తప్పితే ఆ తప్పును కూడా థీసిస్‌లో రాయాలి. దాన్ని దాచి రాసిన అధ్యాయం తర్వాత వచ్చేవాళ్ల ఏళ్లు తినేస్తుంది.

కొందరు సిమ్యులేషన్‌తో ఆగకుండా రోబోను కడతారు. 2019లో మార్సెయ్ పరిశోధకులు చేసిన ఆంట్‌బాట్ అనే ఆరు కాళ్ల రోబో, జీపీఎస్ లేకుండా, ఆకాశపు ధ్రువణ కాంతి, అడుగుల లెక్క, నేల జరిగే వేగం కలుపుకుని 14 మీటర్ల దాకా తిరిగి సెంటీమీటర్ల తేడాలో బయల్దేరిన చోటికి వచ్చింది. ఇంజినీరింగ్‌గా ఇది గొప్ప ఫలితం. రోబో వల్ల ఇంకో లాభం ఏమిటంటే, కాలు జారడం, ఒళ్లు వంగడం, సెన్సర్ ఊగడం లాంటివి దానికి తప్పవు. సిమ్యులేషన్‌లో ఇవన్నీ మనం వేస్తేనే ఉంటాయి, వేయడం మరిచిపోతే మోడల్ ఉన్నదానికంటే తెలివైనదిగా కనపడుతుంది.

కనెక్టోమ్‌లు, అంటే న్యూరాన్ల తీగల పటాలు, వచ్చాక పని ఇంకా మారింది. 2020లో పండ్ల ఈగ మెదడులో పెద్ద భాగానికి, 2024లో మొత్తం మెదడుకు, 1,39,255 న్యూరాన్లతో సహా, ఏది దేనితో కలిసిందో తెలిపే పటం విడుదలైంది. దీంతో మోడల్ కట్టేవాళ్లకు ఊహించుకునే స్వేచ్ఛ తగ్గింది, అది మంచిదే. కానీ తీగల పటం ఒక్కటే చాలదు. 2020లో వచ్చిన ఒక మోడలింగ్ పనిలో ఈగ దిక్సూచినీ మిడత దిక్సూచినీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ రింగ్ అట్రాక్టర్లే, తేడా ప్రధానంగా ఒక రకం అణచే న్యూరాన్ ఆకారంలో ఉంది. ఆ కాస్త తేడాతో ఈగ దిక్సూచి చటుక్కున తిరిగే మలుపుల్ని అందుకోగలుగుతుంది, మిడతది నెమ్మదిగా తిరిగినా గందరగోళానికి తట్టుకుని నిలబడుతుంది. గిర్రున మలుపులు తిరిగే ఈగకు, దూరాలు ఎగిరే మిడతకు అలా ఉండటం సహజమే అనిపిస్తుంది. పటం పక్కన పెట్టుకుని చూస్తే ఆ తేడా కంట పడుతుంది, దానివల్ల ఏమవుతుందో మోడల్ నడిపితేనే తెలుస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఇంకా అలాగే ఉంది. పటం ఎక్కువగా ఈగది, దారి పట్టడంలో దిట్టలు చీమలూ తేనెటీగలూ. ఈగ గూడు కట్టదు, కాబట్టి ఇంటికి రావాల్సిన అవసరం దానికి లేదు. అయినా ఒక దారి దొరికింది. ఆకలితో ఉన్న ఈగకు ఒక చుక్క చక్కెర నీరు దొరికితే, అది తాగేసి చుట్టుపక్కల వలయాలుగా వెతుకుతూ మళ్లీ మళ్లీ ఆ చుక్క ఉన్న చోటికే వస్తుంది, చీకట్లో కూడా వస్తుంది. చిన్నదే అయినా అది పాత్ ఇంటిగ్రేషనే. పైగా ఈగలో చాలా రకాల న్యూరాన్లను జన్యువుల సాయంతో కాసేపు ఆపి మళ్లీ నడిపించవచ్చు, చీమల్లో ఆ సౌకర్యం ఇంకా అంతగా లేదు. గూటి జ్ఞాపకం ఉంటుందని 2017 నాటి 8 గడుల మోడల్ వేలు పెట్టి చూపించిన న్యూరాన్లకు ఈగలో సాటి వచ్చేవి ఉన్నాయి. వాటిని ఈగ చుక్కకు దూరంగా ఉన్నప్పుడు కొన్ని సెకన్లు ఆపి వదిలితే ఏమవుతుందన్నది ఇప్పుడు ఎవరైనా అడగదగిన ప్రశ్న. జ్ఞాపకం నడుస్తున్న చురుకుదనంలో ఉందనే మోడల్ ప్రకారం ఈగ చుక్క ఎటుందో పూర్తిగా మరిచిపోయి ఉన్న చోటే వెతకడం మొదలుపెట్టాలి. అతుకుల్లో ఉందనే మోడల్ ప్రకారం పాత చుక్కవైపే తిరగాలి, కాకపోతే ఆగిన ఆ సెకన్లలో నడిచిన దూరం లెక్కలోకి రాదు కాబట్టి సరిగ్గా అంత మేరకు పక్కకు తప్పాలి.